నలభై వేలలో తేలికైన హార్డ్‌టెయిల్: వైజాగ్‌లో నా సైకిలు వేట

సైకిలు ఏదన్నది తర్వాత, ముందు డబ్బు సంగతి తేల్చుకున్నాను. 40,000 రూపాయలు. హెల్మెట్, తాళం, గాలి పంపు, లైట్లు అన్నీ అందులోనే రావాలి, ఒక్క రూపాయి కూడా పైన పెట్టేది లేదు. మా అమ్మకి చెప్తే, "ఏటిరా, సైకిలుకి నలభై వేలా? ఆ డబ్బుకి సెకండ్ హ్యాండ్ స్కూటీ వస్తాది కదరా" అంది. నిజమే, వస్తుంది. కానీ స్కూటీని మూడో అంతస్తుకి ఎవడు మోస్తాడు? మేముండేది ఎంవీపీ కాలనీలో లిఫ్టు లేని పాత అపార్ట్‌మెంటు. కింద పార్కింగ్‌లో వదిలేస్తే దొంగల భయం ఒకటి, సముద్రపు గాలికి చైను, నట్లు ఎర్రగా తుప్పు పట్టిపోవడం ఇంకోటి. అంచేత సైకిలు రోజూ ఇంట్లోకి రావాల్సిందే, అంటే రోజూ భుజానికెక్కాల్సిందే. నాకు "తేలిక" మీద పట్టుదల ఎందుకంటే ఇదే కారణం, రేసులూ గీసులూ ఏమీ లేవు.

హార్డ్‌టెయిల్ అంటే ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌కి మాత్రమే షాక్ ఉండి, వెనక చక్రాన్ని ఫ్రేమే నేరుగా పట్టుకునే మౌంటెన్ బైక్. వెనక కూడా స్ప్రింగు ఉన్నవి పదిహేను, ఇరవై వేలకే కనిపిస్తాయి, చూడ్డానికి బలే ఉంటాయి, వాటి జోలికి మాత్రం పోవద్దు. ఇనప ఫ్రేము, పైన ఆ స్ప్రింగు బరువు, తొక్కిన ప్రతిసారీ ఊగుతూ కాళ్లలో సత్తువంతా తినేస్తాయి.

నేను తిరిగేది మామూలుగా బీచ్ రోడ్డు, జోడుగుళ్లపాలెం మీదుగా రుషికొండ దాకా, కుదిరినప్పుడు తొట్లకొండ వైపు మట్టిదారులు, లేదంటే హనుమంతవాక నుంచి ఆరిలోవ, ముడసర్లోవ మీదుగా అడవివరం. ఎర్రమట్టి దిబ్బల్లో తొక్కడానికి కూడా పనికొస్తుందా అని ఒకరిద్దరు అడిగారు. పనికొస్తుంది, కానీ అది భూవారసత్వ స్థలం. ఆ మట్టి మీద టైరు గాడి పడితే వానకి అక్కడే కోసుకుపోతుంది. బయట ఆపి లోపలికి నడిచి వెళ్లండి.

ఇక వేట. దుకాణాల్లో బరువెంత అని అడిగితే వచ్చే మొదటి జవాబు "అల్లాయ్ సార్, ఫుల్ లైట్ వెయిట్". ఎన్ని కిలోలు బాబూ అంటే "పదమూడు, పద్నాలుగు ఉంటది సార్". ఇంటర్నెట్లో బరువు రాసిన చోట కూడా అది చాలాసార్లు అన్నిటికన్నా చిన్న సైజు ఫ్రేముని పెడళ్లు లేకుండా తూచిన బరువు. కొన్నిటికి అసలు రాయనే రాయరు, రాయలేదంటేనే అర్థం చేసుకోవాలి. అందుకని విమానం ఎక్కేముందు సూట్‌కేసు తూచుకునే కొక్కెం తూకం ఉంటుంది చూడండి, చేతిలో పట్టేది, అది జేబులో వేసుకుని వెళ్లడం మొదలుపెట్టాను. సీటు కింద కమ్మీకి కొక్కెం తగిలించి రెండు చక్రాలూ నేల వదిలేదాకా ఎత్తితే చాలు, సైకిలు తలకిందులుగా వేలాడినా అంకె మారదు. "పదమూడు, పద్నాలుగు" అన్న మొదటి సైకిలు 15.8 కిలోలు తూగింది. ఆ కుర్రాడు బాధపడలేదు సరికదా, నా చేతిలోంచి తూకం తీసుకుని వరసలో ఉన్నవన్నీ తనే తూచడం మొదలెట్టాడు, ఒక్కోటి తూచినప్పుడల్లా "ఓరి నాయనో" అనుకుంటూ. చివరికి ఆ అంకెలన్నీ ఒక అట్టముక్క మీద రాసి నాకిచ్చాడు. అంతకు మించిన కొటేషన్ నాకెక్కడా దొరకలేదు.

రెండో జేబులో ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం. ఇది ఇంకా బాగా పనికొచ్చింది. "అల్లాయ్ సైకిలు" అంటే చాలా చోట్ల ఫ్రేము ఒక్కటే అల్యూమినియం అని అర్థం, హ్యాండిల్ బారు, సీటు పోస్టు, కొన్నిట్లో ఆ బారుని పట్టుకునే స్టెమ్ కూడా నల్ల రంగు వేసిన స్టీలే. కంటికి తేడా తెలీదు, అయస్కాంతం అంటుకుందంటే స్టీలు, జారిపోయిందంటే అల్యూమినియం. ఒక్క హ్యాండిల్ బారులోనే రెండు వందల గ్రాముల దాకా తేడా వస్తుంది, సీటు పోస్టులో ఇంకొంత. రెండు సైకిళ్లు ఒకే ధరలో ఉండి, ఫ్రేము మీద రెంటికీ 6061 అని అల్యూమినియం రకం రాసి ఉండి, ఒకటి ఇంకోదానికన్నా కిలో బరువుగా ఎందుకుందో ఈ అయస్కాంతం చెప్పింది. పెడళ్ల దగ్గరుండే పళ్లచక్రాలు, అంటే చైన్‌రింగులు, స్టీలైనా పర్వాలేదు, ఎక్కువ రోజులు అరగవు.

ఒక చోట ఇంకో విచిత్రం చూశాను. బాగా మెరుస్తున్న సైకిలు, ముందు డిస్క్ బ్రేకు కాలిపర్, అంటే డిస్కుని నొక్కే భాగం, కుడివైపు ఉంది. అది ఫోర్క్ ఎడమ కాలుకి, వెనకవైపుగా ఉండాలి. పెట్టెలోంచి తీసి బిగించేటప్పుడు ఫోర్క్‌నే వెనక్కి తిప్పి పెట్టేశారన్నమాట. అలా తొక్కితే హ్యాండిల్ తిరిగే తీరే మారిపోతుంది, బ్రేకు కొట్టినప్పుడు బలం పడాల్సిన చోట పడదు. నేను చెప్తే అక్కడి పెద్దాయన "ఇప్పుడే సెట్ చేయించేస్తాను, మీరు కూర్చోండి" అన్నారు. నేను కూర్చోలేదు.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి, ఎందుకంటే బరువు పిచ్చి పట్టిన వాళ్లందరూ ముందు ఈ లెక్క వేసుకోవాలని నా అభిప్రాయం. నా బరువు 62 కిలోలు, సైకిలు 15 అనుకుందాం, మొత్తం 77. సైకిల్లో ఒక కిలో తగ్గిస్తే మొత్తంలో తగ్గేది 1.3 శాతం. కైలాసగిరి రోడ్డు ఎక్కడానికి నాకు పావుగంట పడుతుందనుకుంటే, ఆ కిలో వల్ల కలిసొచ్చేది పన్నెండు సెకన్లు. అంతే. దానికోసం ఐదు, పది వేలు ఎక్కువ పెట్టడం దండగ. టైర్లలో గాలి సరిగ్గా లేకపోతే అంతకన్నా ఎక్కువే పోతుంది. కానీ మెట్ల మీద లెక్క వేరు. అక్కడ మోసేది 77 కాదు, ఒట్టి సైకిలే, కిలో తగ్గితే ఆ తేడా రెండో అంతస్తు దగ్గరే భుజానికి తెలుస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఎక్కడ పట్టుకుంటాం అన్నది. కొన్ని ఫ్రేముల్లో గేరు, బ్రేకు కేబుళ్లు పై గొట్టం కింద నుంచి పోతాయి, భుజాన వేసుకుంటే అవి చర్మంలోకి దిగుతాయి. కింది గొట్టం మీదుగానో, ఫ్రేము లోపల నుంచో కేబుళ్లు పోయేదైతే హాయి. దుకాణంలో ఎవరైనా సీటెక్కి చూస్తారు, నేను భుజానికెత్తుకుని అటూ ఇటూ నడిచి చూశాను. అందరూ చూశారు, చూడనీ.

చక్రం సైజు కూడా మెట్లే తేల్చాయి. 29 అంగుళాల చక్రం రాళ్ల మీద సాఫీగా పోతుంది, అందులో అనుమానం లేదు. కానీ మా మెట్ల మలుపు ఇరుకు, ముందు చక్రం గోడకి గీరుకుంటుంది, పైగా నేను పొడుగు కూడా కాదు. 27.5 తీసుకుందామని అక్కడితో ఆపేశాను.

అసలు తలనొప్పి ఫోర్క్. ఈ ధరలో దొరికే హార్డ్‌టెయిళ్లకి దాదాపు అన్నిటికీ లోపల స్టీలు స్ప్రింగున్న ఫోర్కే, ఒక్కటే రెండున్నర కిలోల చుట్టూ ఉంటుంది, మొత్తం సైకిల్లో అంత బరువున్న భాగం ఇంకోటి ఉండదేమో. గాలి ఫోర్క్ అయితే అర కిలో పైనే తగ్గుతుంది, పైగా మన బరువుకి తగ్గట్టు గాలి కొట్టుకోవచ్చు. స్ప్రింగు ఫోర్క్ అందరికీ ఒకటే, 62 కిలోల వాడికీ, 85 కిలోల వాడికీ. సరిచూడ్డం తేలికే. ఫోర్క్ మెరిసే గొట్టానికి ఒక చిన్న జిప్ టై కట్టి, సీలు దాకా కిందికి జరిపి, నెమ్మదిగా ఎక్కి కూర్చుని, ఊగకుండా నెమ్మదిగా దిగితే జిప్ టై ఎంత జరిగిందో అదే మన బరువుకి దిగిన లోతు. 100 మిల్లీమీటర్ల ఫోర్క్ అయితే ఇరవై, పాతిక మిల్లీమీటర్లు దిగాలి. నేను ఎక్కితే చాలావాటికి పదికి మించి దిగలేదు. "పైన నాబ్ తిప్పితే మెత్తబడుతుంది సార్" అన్నారు ఒకరు. ఆ నాబ్ స్ప్రింగుని ముందే కాస్త నొక్కి ఉంచుతుంది, లేదా వదులుతుంది, స్ప్రింగు గట్టిదనం మారదు. పూర్తిగా వదిలేస్తే ఇంకో మూడు, నాలుగు మిల్లీమీటర్లు దిగింది, అంతే.

దాంతో పాతది కొంటే ఎలా ఉంటుందన్న ఆలోచన వచ్చింది. కొత్తగా అరవై వేల దాకా ఉండే సైకిలు, గాలి ఫోర్క్‌తో, 33,000కి గాజువాక దాటాక ఉక్కునగరంలో ఒకళ్లు అమ్ముతున్నారని తెలిసి వెళ్లాను. కొడుకు ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాడట, తండ్రిగారు చూపించారు. టీ ఇచ్చారు, మర్యాదస్తులు. తూకం వేస్తే 13.1, నా మనసు అప్పుడే సగం ఒప్పేసుకుంది. సీటు నాకు ఎత్తుగా ఉంది, కొంచెం దించుదామని బోల్టు వదులు చేశాను. పోస్టు కదల్లేదు. బోల్టు పూర్తిగా తీసేసి, సీటుని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాను, ఆయన చక్రాన్ని మోకాళ్ల మధ్య బిగించి పట్టుకున్నారు, ఇద్దరం చెమటలు కక్కుకున్నాం గానీ వెంట్రుకవాసి కదల్లేదు. ఫ్రేము, పోస్టు కలిసే చోట తెల్లటి పొడి గట్టిగా గడ్డకట్టి ఉంది. అది అల్యూమినియం తుప్పు. ఉప్పు గాలి, గ్రీజు లేకపోవడం, ఏళ్ల తరబడి ఎవరూ సీటు దించకపోవడం, మూడూ కలిస్తే పోస్టు ఫ్రేములో అతుక్కుపోతుంది. అలాంటిది తీయాలంటే ఒక్కోసారి కోసి తీయాల్సిందే, ఫ్రేము మిగులుతుందని గ్యారంటీ లేదు. ఫోర్క్ గొట్టం మీద కూడా వేలు పెట్టి రాస్తే సన్నటి గరుకు మచ్చలు తగిలాయి, అవి లోపలి సీళ్లని కోస్తాయి. పాపం ఆయనకి ఇవేవీ తెలీదు, "పోనీ ముప్పై ఇవ్వండి బాబూ" అన్నారు. దండం పెట్టి వచ్చేశాను. వైజాగ్‌లో పాత సైకిలు చూడబోతే ముందు సీటు పోస్టు కదిపి చూడండి, రంగు, గీతలు తర్వాత.

అంటే కొత్తదే కొనాలి, స్ప్రింగు ఫోర్క్‌తోనే సరిపెట్టుకోవాలి. అప్పుడిక బరువు తగ్గాల్సింది ఎక్కడ? గేర్లలో. ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఏడో ఎనిమిదో అంటే 21, 24 గేర్లని పెద్దక్షరాలతో రాస్తారు. వాటి బదులు ముందు ఒక్కటే, వెనక తొమ్మిది ఉన్నదైతే చైనుని ఒక రింగు నుంచి ఇంకోదాని మీదికి తోసే ముందు డిరైలర్, ఎడమ చేతి షిఫ్టర్, దాని కేబులు, రెండు స్టీలు రింగులు పోతాయి, మొత్తం అర కిలోకి దగ్గరగా కలిసొస్తుంది, చైను జారిపడే గొడవ తగ్గుతుంది. "గేర్లు తక్కువ కదా, మన ఎత్తుల మీద ఎక్కగలమా" అన్నది నా టెన్షన్. లెక్క వేశాను. మూడు రింగుల సైకిల్లో అన్నిటికన్నా తేలిక గేరు ముందు 24 పళ్లు, వెనక 34, అంటే పెడలు ఒక చుట్టు తిప్పితే చక్రం 0.71 చుట్లు. ఒక్క రింగుదాంట్లో ముందు 32, వెనక 42, అంటే 0.76. తొక్కడానికి కొంచెమే బరువు. ముందు రింగు 30 పళ్లది వేసుకుంటే సరిగ్గా 0.71. ఎక్కుడు దగ్గర ఇక తేడా ఏముంది? దిగుడులో గంటకి నలభై దాటాక తొక్కడానికి గేరు ఉండదు, అప్పుడు నేను ఎలాగూ బ్రేకు మీదే ఉంటాను.

వెనక హబ్బు, అంటే చక్రం నడిమి భాగం, సంగతి కూడా ఒక మాట. ఏడు గేర్ల చవక సైకిళ్లలో పళ్లచక్రాల గుత్తి హబ్బు మీద స్క్రూలా బిగిసి ఉంటుంది, దాన్ని ఫ్రీవీల్ అంటారు, దాంతో ఇరుసుకి కుడివైపు ఆసరా తక్కువై గతుకుల్లో వంగుతుంది. గుత్తిని హబ్బు మీదికి జారించి బిగించే క్యాసెట్ అయితే ఆ బాధ తక్కువ, రేపు మార్చుకోవాలన్నా పార్టులు దొరుకుతాయి. హైడ్రాలిక్ బ్రేకులు కూడా కావాలనుకున్నాను, దాని మీద పెద్దగా ఆలోచించలేదు. పాండురంగాపురం డౌన్‌లో ఒకసారి కేబులు డిస్క్ బ్రేకుతో, ఒకసారి హైడ్రాలిక్‌తో దిగిన వాడెవడూ ఆలోచించడు.

ఇవన్నీ ఉన్నది ఒకటి దొరికింది. అల్యూమినియం ఫ్రేము, ముందు ఒక్క రింగు, వెనక తొమ్మిది, క్యాసెట్ హబ్బు, అయస్కాంతం అంటుకోని హ్యాండిలూ సీటు పోస్టూ, కింద వెడల్పు పైన సన్నం ఉన్న హెడ్ ట్యూబు (ఫ్రేము ముందు ఫోర్క్ దూరే గొట్టం). చివరిది ఎందుకంటే, ఎప్పుడైనా మంచి ఫోర్క్ వేసుకోవాలంటే ఇప్పుడొచ్చే మంచివి ఎక్కువగా అలాంటి హెడ్ ట్యూబుకే సరిపోతాయి. చిక్కల్లా ధర. స్టిక్కరు మీద 37,000. మిగతా సామాన్లకి కనీసం 4,000 పక్కన పెట్టాను, అంటే సైకిలు 36,000 దాటకూడదు. అప్పుడు స్టిక్కరు తేదీ చూశాను, అది పాత స్టాకు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత పన్ను తీసేసి కొత్త పన్ను కలిపితే 34,700 దగ్గర తేలుతుంది. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ కొట్టి యజమానికి చూపిస్తే ఆయన ఒకసారి తనూ కొట్టి చూసుకుని, "కరెక్టే, ఆ రేటుకే బిల్లు వేయిస్తాను" అన్నారు. బేరం ఆడాల్సిన పని కూడా పడలేదు. హెల్మెట్ 1,900, నేల మీద పెట్టి కొట్టే గాలి పంపు 950, ముందూ వెనకా లైట్లు 800, తాళం 650. మొత్తం 39,000. మిగిలిన వెయ్యిలో ఒక ట్యూబు, పంక్చర్ ప్యాచీలు, టైరు లీవర్లు, చిన్న డబ్బా గ్రీజు వచ్చాయి.

దుకాణంలో 14.3 కిలోలు, పెడళ్లతో, స్టాండుతో. స్టాండు తీసేయమంటే కుర్రాడికి మనసొప్పలేదు. "స్టాండు లేకుండా ఎలా నిలబెడతారు సార్?" గోడకి ఆనిస్తానన్నాను. స్టాండు, రిఫ్లెక్టర్లు, వెనక పుల్లల మీద ఉండే ప్లాస్టిక్ పళ్లెం తీసేశాక 13.8. రిఫ్లెక్టర్లు తీస్తే వెనక ఎర్ర లైటు తప్పనిసరి, మన బీచ్ రోడ్డులో రాత్రిపూట కార్లు ఎలా వస్తాయో చెప్పక్కర్లేదు.

టైరు పక్కన గాలి ఒత్తిడి 35 నుంచి 65 పీఎస్ఐ అని రాసి ఉంది, దుకాణంలో 60 కొట్టి ఇచ్చారు, సైకిలు రాయి మీద పడ్డ రబ్బరు బంతిలా ఎగిరింది. 35కి తగ్గించాక ముడసర్లోవ దగ్గర కంకర మీద పట్టు దొరికింది, గట్టి ఫోర్క్ లోటు కొంత టైరే తీర్చింది. మీ బరువు ఎక్కువైతే అంత తగ్గించకండి, ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి రెండు పక్కపక్క చిల్లులు పడతాయి.

మొదటి రోజే సీటు పోస్టు బయటికి లాగి గ్రీజు రాశాను, నెలకోసారి కదిపి చూస్తున్నాను. బీచ్ వైపు వెళ్లొచ్చాక చైను పొడి గుడ్డతో తుడిచి, రెండు చుక్కల నూనె వేసి, మళ్లీ తుడుస్తున్నాను. పైకి కారేంత నూనె పోస్తే ఇసుక అంతా దానికే అంటుకుంటుంది. అడవివరం వైపు ఎక్కుడులో 32 పళ్ల రింగు కొంచెం కష్టంగానే ఉంది, తర్వాతి ఖర్చు 30 పళ్ల రింగే. గాలి ఫోర్క్ ధర అడిగితే సైకిలు ధరలో సగం చెప్పారు, దాని సంగతి బోనస్ పడ్డాక చూద్దాం.